ఎదుటివారి ఫోన్‌ను బట్టి మన తాళమా?

ట్రంకు కాల్ కలిపే ఆపరేటర్‌కు ఊరి గుట్టు సగం తెలిసిపోయేది. రాజమండ్రి ఎక్స్ఛేంజీలో హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్న రోజుల్లో, కాల్ కలిసిందో లేదో చూడడానికి మేం లైన్‌లోకి రావాలి. మూడు నిమిషాలు కాగానే మళ్లీ రావాలి. ఆ రెండు రాకల మధ్య చెవులు మూసుకోమని ఎవరూ చెప్పలేదు, నోరు మూసుకోమని మాత్రం చెప్పారు. ఉద్యోగంలో చేరగానే గోప్యత పాటిస్తానని సంతకం పెట్టించుకున్నారు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం సందేశాన్ని అక్రమంగా బయటపెట్టిన ఉద్యోగికి మూడేళ్ల దాకా జైలు. తప్పిపోయిన పెళ్లి సంబంధం, పడిపోయిన ధాన్యం రేటు, ఆసుపత్రి నుంచి చివరి కబురు, అన్నీ మా చెవుల మీదుగానే వెళ్లేవి. మాలో చాలామందిమి నిజాయతీగానే ఉన్నాం. అందరం అని మాత్రం చెప్పను.

తర్వాత డిపార్ట్‌మెంట్ పరీక్ష రాసి జూనియర్ టెలికాం ఆఫీసర్ (జేటీఓ) అయ్యాను. ట్రంకు బోర్డులు పోయి డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి, శాఖ బీఎస్ఎన్ఎల్ అయింది, 2020 జనవరి 31న వీఆర్ఎస్ తీసుకున్న వేలమందితో పాటు నేనూ ఇంటికి వచ్చేశాను. యంత్రాలు ఎన్ని మారినా నాకు అర్థమైంది ఒకటే. చూడకూడదు అన్న నియమం మీద నిలబడే రహస్యం ఒక రకం. చూడాలన్నా కుదరదు అన్న లెక్క మీద నిలబడేది ఇంకో రకం. మొదటిదానికి నాలాంటి ఉద్యోగి మంచితనమే దిక్కు. రెండోదానికి నా మంచితనంతో పనే లేదు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అనేది ఈ రెండో రకం. పంపే ఫోన్‌లో తాళం పడుతుంది, అందుకున్న ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో టవరులో ఉన్నవాడికీ, సర్వర్ గదిలో ఉన్నవాడికీ కనపడేది అర్థంకాని అంకెల కుప్ప.

మరి నా సందేశానికి ఈ రెండింట్లో ఏది దక్కాలో నిర్ణయించేది ఎవరు? ఇన్నాళ్లూ నిర్ణయించింది అవతలి మనిషి కొన్న ఫోన్. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కు పోయే ఐమెసేజ్‌కు 2011లో అది పుట్టినప్పటి నుంచీ తాళం ఉంది. రెండు వైపులా గూగుల్ మెసేజెస్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య 2021 నుంచీ ఉంది. ఒకవైపు ఐఫోన్, రెండోవైపు ఆండ్రాయిడ్ అయితే మాత్రం, ఫోన్‌తో పాటు వచ్చిన మెసేజ్ యాప్‌లో అదే మాట ఏళ్ల తరబడి తాళం లేకుండానే వెళ్లింది. ఆపిల్, గూగుల్ రెండూ ప్రపంచంలోకెల్లా ధనిక కంపెనీలు. రెండింటికీ తాళం వేయడం తెలుసు. ఒకరి హద్దు దాటి ఇంకొకరి హద్దులోకి పోయేచోట మాత్రం వేయలేదు. ఇది సాంకేతికంగా కష్టమైన పని అంటే నేను ఒప్పుకోను. ఇది వ్యాపారం.

మా అమ్మాయి కుటుంబం డాలస్ దగ్గర ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో అక్కడి సిమ్ వేసుకుంటాను. ‘అమ్మమ్మా, నిన్ను గ్రూపులో కలిపితే అందరం పచ్చగా అయిపోతాం’ అని హైస్కూల్లో చదివే మనవడు నసిగాడు. ఐఫోన్‌లో ఐమెసేజ్ నీలి బుడగలో, మిగతావి పచ్చ బుడగలో కనపడతాయి. అక్కడి పిల్లల్లో ఈ పచ్చ బుడగ నామోషీ. వాడి బాధ రంగు గురించి, వీడియోలు మసకగా రావడం గురించి. నా బాధ వేరు. ఐఫోన్ల గ్రూపులో ఒక్క ఆండ్రాయిడ్ చేరినా గ్రూపంతా ఐమెసేజ్ నుంచి బయటికి వచ్చేస్తుంది. నా ఒక్కదాని ఫోన్ వల్ల ఇంటిల్లిపాది తాళాలూ ఊడిపోతాయన్నమాట. పుట్టినరోజు కబుర్లకు తాళం దేనికండీ అని మా అల్లుడుగారు నవ్వారు. అదే గ్రూపులో గ్యారేజీ తలుపు కోడు, పిల్లవాడి స్కూల్ బస్సు వేళ, పాస్‌పోర్టు ఫొటో పెట్టేదీ ఆయనే.

తాళం లేని దారుల్లో అన్నిటికంటే పాతది ఎస్ఎంఎస్. 1992 డిసెంబరు 3న ఇంగ్లండ్‌లో నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజనీరు కంప్యూటర్ మీద క్రిస్మస్ శుభాకాంక్షలు కొట్టి వోడాఫోన్ అధికారి ఒకరి ఫోన్‌కు పంపాడు. అదే మొదటిది. కాల్ కలపడానికి ఫోనూ టవరూ మాట్లాడుకునే సంకేతాల దారిలో మిగిలిన ఖాళీలో దీన్ని ఇరికించారు. 140 బైట్లు, అంతే. ఇంగ్లీషులో రాస్తే 160 అక్షరాలు పడతాయి, తెలుగులో రాస్తే 70 గుర్తులే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు గుర్తులు తినేస్తుంది. మనవాళ్లు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం మరిగారంటే అందులో ఈ 70 పాపం కొంత ఉంది. ఈ వ్యాసానికి అక్కర్లేని సంగతే, అయినా కడుపులో దాచుకోలేకపోయాను.

ఫోన్ నుంచి టవరు దాకా గాలిలో వెళ్లేటప్పుడు ఎస్ఎంఎస్‌కు పలచని ముసుగు ఒకటి ఉంటుంది. 2జీలో వాడిన ఆ ముసుగును జర్మనీ పరిశోధకుడు కార్‌స్టెన్ నోల్ బృందం 2009, 2010ల్లోనే బహిరంగంగా ఛేదించి చూపించింది. టవరు దాటాక ఆ ముసుగు కూడా ఉండదు. ఎస్ఎంఎస్ సెంటర్ అనే కంప్యూటర్‌లో సందేశం చదవగలిగే రూపంలోనే ఆగుతుంది. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉంటే అది ఆన్ అయ్యేదాకా అక్కడే పడి ఉంటుంది. ఆ దారి పొడవునా పనిచేసేవాళ్లు చదవరని మన నమ్మకం. ట్రంకు బోర్డు ముందు కూర్చున్న నా మీద ఊరు పెట్టుకున్న నమ్మకమే అది, గది మాత్రం ఏసీది.

ఒక సంస్థ నెట్‌వర్క్ నుంచి ఇంకో సంస్థ నెట్‌వర్క్‌కు దాటేచోట కథ ఇంకా అధ్వానం. ఎక్స్ఛేంజీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషను మా శాఖలో సీసీఎస్ సెవెన్ అనేవాళ్లం, బయట ఎస్ఎస్ సెవెన్ అంటారు. 1970ల్లో రూపుదిద్దుకున్న పద్ధతి అది. అప్పట్లో చాలా దేశాల్లో టెలిఫోన్ సంస్థ ఒక్కటే ఉండేది, అదీ ప్రభుత్వానిదే. లోపలికి వచ్చినవాడు మనవాడే అన్న ధీమాతో కట్టారు. ఫలానా నంబరు ఇప్పుడు మా దగ్గర ఉంది, దాని సందేశాలు మాకు పంపండి అని ఒక ఎక్స్ఛేంజీ అడిగితే, రెండోది నిజమా అని అడగకుండా పంపేస్తుంది. రోమింగ్ నడవాలంటే అలాగే ఉండాలి మరి. ఆ తర్వాత వందల ప్రైవేటు ఆపరేటర్లు వచ్చారు, ఈ దారిలోకి ప్రవేశాన్ని అద్దెకిచ్చేవాళ్లూ పుట్టారు. 2014లో నోల్, టోబియాస్ ఎంగెల్ ఇద్దరూ హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో ఎస్ఎస్ సెవెన్‌ను వాడుకుని ఎవరి సందేశాలనైనా ఎలా మళ్లించవచ్చో చేసి చూపించారు. నిపుణులు చూశారు, ఔరా అన్నారు, ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లారు.

2017లో జర్మనీలో దొంగలు దాన్ని ఆచరణలో పెట్టారు. ముందు కొందరు ఖాతాదారుల బ్యాంకు పాస్‌వర్డులు దొంగిలించారు. తర్వాత ఎస్ఎస్ సెవెన్ దారిన వాళ్ల ఎస్ఎంఎస్‌లను తమవైపు తిప్పుకుని, బ్యాంకు పంపిన ఓటీపీలు చదువుకుని డబ్బు లాగేశారు. ఖాతాదారు చేతిలో ఫోన్ అలాగే ఉంది. ఆయన ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. మన దగ్గర బ్యాంకులు ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని రోజూ హితవు చెబుతాయి. మంచిదే. చెప్పకపోయినా చదవగలిగే దారిలో దాన్ని పంపుతున్నది ఎవరో కూడా చెబితే బాగుంటుంది. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలిచ్చి, 2026 ఏప్రిల్ 1 నుంచి ఎస్ఎంఎస్ ఓటీపీ ఒక్కటే కాకుండా వేరే పద్ధతులకూ చోటిచ్చింది. ఎస్ఎంఎస్‌ను మాత్రం తీసేయలేదు. పెన్షన్ డబ్బు మీద బతికే నా ఈడువాళ్ల ఫోన్లకు ఓటీపీ ఇంకా ఆ దారినే వస్తోంది.

అమెరికావాళ్లకు 2024లో ఇంకా గట్టి దెబ్బ తగిలింది. చైనా ప్రభుత్వంతో సంబంధం ఉన్నదని చెబుతున్న హ్యాకర్ల ముఠా ఒకటి అక్కడి పెద్ద టెలికాం కంపెనీల్లోకి చొరబడిందని బయటపడింది. దానికి సాల్ట్ టైఫూన్ అని పేరు పెట్టారు. కోర్టు ఉత్తర్వులతో పోలీసుల కోసం సేకరించిన సమాచారంలో కొంత కూడా వాళ్లు కాపీ చేసుకున్నారని ఎఫ్‌బీఐ, అక్కడి సైబర్ భద్రతా సంస్థ సీసా కలిసి ప్రకటించాయి. పోలీసు కోసం తీసిన తలుపులోంచి గూఢచారి లోపలికి వచ్చాడు. అదే ఏడాది డిసెంబరులో సీసా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఉన్నతస్థాయిలో ఉన్నవాళ్లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లే వాడాలని, ఓటీపీకి ఎస్ఎంఎస్‌ను నమ్ముకోవద్దని. 2016లో ఒక ఐఫోన్ తాళం తెరిపించడానికి ఆపిల్‌ను కోర్టుకు లాగిన ఎఫ్‌బీఐ ఉన్న దేశం అది. తన ఇంట్లో దొంగ పడ్డాకే తాళం విలువ తెలిసొచ్చింది.

మనకూ ఇది దూరపు కథ కాదు. హైదరాబాద్‌లో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారుల మీద 2024లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదై అరెస్టులు జరిగాయి. రాజకీయ నాయకుల ఫోన్లు, ఇంకా చాలామంది ఫోన్లు అక్రమంగా విన్నారన్నది అభియోగం. నిజానిజాలు కోర్టు తేల్చాలి. అభియోగం నిజమైనా కాకపోయినా, వినాలనుకుంటే వినగలిగే ఏర్పాటు ఉందన్నది మాత్రం నిజం. ఆ ఏర్పాటు ఉన్న శాఖలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది.

ఇక కంపెనీల సంగతి. ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కు ఇవ్వాలా వద్దా అని ఆపిల్‌లో 2013లోనే చర్చ జరిగింది. ఎపిక్ గేమ్స్ కంపెనీ ఆపిల్ మీద వేసిన దావాలో 2021లో ఆ ఈమెయిళ్లు బయటికి వచ్చాయి. ఐమెసేజ్ ఆండ్రాయిడ్‌లో దొరికితే ఐఫోన్ వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనిపెట్టడానికి ఉన్న అడ్డు తొలగిపోతుందని సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడరీగీ రాశారు. దానివల్ల మనకు లాభం కంటే నష్టమే ఎక్కువని 2016లో మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ రాశారు. 2022లో ఒక సదస్సులో ఒకాయన లేచి, మా అమ్మకు ఆండ్రాయిడ్ ఉంది, వీడియోలు సరిగ్గా వెళ్లడం లేదు అని మొరపెట్టుకుంటే, మీ అమ్మకు ఐఫోన్ కొనివ్వండి అన్నారు ఆపిల్ సీఈఓ టిమ్ కుక్. సభ నవ్వింది. 2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఆపిల్ మీద వేసిన గుత్తాధిపత్య దావాలో ఆ మాట కూడా ఎక్కింది. 2023 డిసెంబరులో బీపర్ మినీ అనే చిన్న యాప్ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐమెసేజ్ నడిపించింది. దాని కిటుకు కనిపెట్టింది పదహారేళ్ల కుర్రవాడు. ఆపిల్ కొద్ది రోజుల్లోనే దాన్ని అడ్డుకుంది. భద్రత కోసమే అడ్డుకున్నామంది. భద్రత మీద అంత ప్రేమ ఉంటే, పచ్చ బుడగలో పోయే తన సొంత ఖాతాదారు సందేశానికి ఇన్నేళ్లూ తాళం ఎందుకు వేయలేదో కూడా చెప్పాలి.

కావాలనుకుంటే ఆ కంపెనీ ఎంత వేగంగా పనిచేస్తుందో తెలుగువాళ్లకు బాగా తెలుసు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం ఐఫోన్లను పడగొట్టింది. అక్షరం మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు దూరితే, ఆ సందేశం వచ్చిన యాప్ కుప్పకూలేది, కొన్నిసార్లు ఫోన్ మొత్తం మొరాయించేది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు. ఒక్క అక్షరానికి అంత హడావిడి చేసిన కంపెనీకి ఆండ్రాయిడ్‌కు పోయే సందేశాలకు తాళం వేయాలన్న తొందర పుట్టడానికి పదేళ్లు దాటింది.

గూగుల్‌ను పుణ్యాత్ముల జాబితాలో వేయడం లేదు. ఎస్ఎంఎస్ స్థానంలో తేవాలని టెలికాం సంస్థల సంఘం జీఎస్ఎంఏ ఏళ్ల తరబడి మోస్తూ వచ్చిన ఆర్‌సీఎస్‌ను గూగుల్ నెత్తికెత్తుకుంది. ఆపిల్ దాన్ని తీసుకోవాలంటూ 2022లో ప్రచారమే నడిపింది. బాగానే ఉంది. అయితే గూగుల్ వేసిన తాళం ఆర్‌సీఎస్‌ది కాదు, తన సొంత యాప్‌ది. ఇక మన దేశంలో ఆర్‌సీఎస్ అంటే జనానికి తెలిసింది తాళం కాదు, అప్పుల ప్రకటనలు. అడగని లోన్ల సందేశాలతో జనం విసిగిపోతే 2022లో ఇక్కడ ఆ వ్యాపార ప్రకటనలను గూగులే కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది.

2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో ఆర్‌సీఎస్ ఐఫోన్‌లోకి వచ్చింది. వీడియోలు స్పష్టంగా వచ్చాయి, అవతలివాళ్లు టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనపడ్డాయి. మా మనవడి సగం బాధ తీరింది. తాళం మాత్రం రాలేదు. 2025 మార్చిలో జీఎస్ఎంఏ కొత్త ప్రమాణం ప్రకటించింది. ఎంఎల్ఎస్ అనే పద్ధతితో ఏ కంపెనీ ఫోన్ నుంచి ఏ కంపెనీ ఫోన్‌కైనా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ చేసే ఏర్పాటు అందులో ఉంది. తామూ అమలు చేస్తామని ఆపిల్ ఒప్పుకుంది. ఎంఎల్ఎస్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2023లో బహిరంగంగా ప్రచురించిన పద్ధతి. పెద్ద గ్రూపుల్లో ఒకరు చేరినా, ఒకరు వెళ్లిపోయినా తాళంచెవులు వెంటనే మారిపోయేలా దాన్ని కట్టారు. వెళ్లిపోయినవాళ్లకు తర్వాతి మాటలు తెరుచుకోవు.

ఇంజనీరుగా నాకు ఇది నచ్చింది. మధ్యలో చిక్కు ఒకటి ఉంది. రెండు ఫోన్లలోనూ కొత్త సాఫ్ట్‌వేర్ ఉండాలి, మొబైల్ ఆపరేటర్ల వైపు కూడా ఏర్పాటు ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా సందేశం తాళం లేకుండానే చడీచప్పుడు కాకుండా వెళ్లిపోతుంది. వెళ్లింది కదా అని మనం అనుకుంటాం. మా రోజుల్లో లైన్ మీద ఆపరేటర్ ఉంటే కనీసం క్లిక్ మని చప్పుడు వినపడేది. తాళం లేనప్పుడు ఫోన్ ఆ సంగతి ఎదురుగా చెప్పాలి, చిన్న గుర్తు మాయం చేసి ఊరుకుంటే చాలదు.

మనకెందుకండీ ఇదంతా, వాట్సాప్ ఉందిగా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, మన దేశం ఈ పచ్చ, నీలం గొడవను పక్కకు నెట్టి వాట్సాప్‌లోకి వెళ్లిపోయింది. పండగ రోజుల్లో ఎస్ఎంఎస్ ప్యాకులు పనిచేయకుండా ఆపరేటర్లు బ్లాకవుట్ పెట్టడం, 2011లో ట్రాయ్ రోజుకు 100 ఎస్ఎంఎస్‌లే అని పరిమితి పెట్టడం, 2016 సెప్టెంబరులో జియో రాగానే డేటా చవకవడం, అన్నీ కలిసి మనల్ని అటు తోశాయి. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ తన వంద కోట్ల వినియోగదారులకూ ఒకేసారి తాళం వేసింది. సిగ్నల్ యాప్ కట్టిన మాక్సీ మార్లిన్‌స్పైక్ బృందం తయారుచేసిన పద్ధతి అది. ఐఫోనా, ఆండ్రాయిడా అని అడగలేదు. కుదరదన్నవాళ్లకు కుదురుతుందని చూపించింది.

కానీ ఒక దేశం మాటామంతీ అంతా ఒక్క కంపెనీ దయ మీద నడవడం నాకు నచ్చదు. 2021 అక్టోబరు 4న వాట్సాప్ ఆరు గంటలపాటు పడిపోతే ఏమైందో గుర్తు తెచ్చుకోండి. కూరగాయల ఆర్డర్ల నుంచి డాక్టరు చీటీల దాకా ఆగిపోయాయి. మాటకు తాళం ఉన్నా, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న లెక్క కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. బ్యాకప్ విషయం ఇంకొకటి. ఫోన్‌లో తాళం వేసి, అదే చాట్‌ను తాళం లేకుండా గూగుల్ డ్రైవ్‌లో దాచుకోవడమంటే వీధి తలుపు బిగించి దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టడమే. వాట్సాప్ 2021 నుంచీ బ్యాకప్‌కు కూడా ఎన్‌క్రిప్షన్ ఇస్తోంది, కానీ ఎవరికి వాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఐఫోన్‌వాళ్లకు బ్యాకప్‌కు తాళం వేసే అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ ఉంది. బ్రిటన్ ప్రభుత్వం ఒత్తిడి తెచ్చాక 2025 ఫిబ్రవరిలో ఆపిల్ దాన్ని అక్కడ కొత్తవాళ్లకు ఇవ్వడం మానేసింది.

తాళం తీసే వీలు తమకు ఉండాలన్న పోలీసుల వాదన తీసిపారేయదగింది కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకి, తెలుగు జిల్లాల్లో అమాయకులను జనం కొట్టారు, ప్రాణాలు పోయాయి. డిజిటల్ అరెస్టు అంటూ ముసలివాళ్లను గంటల తరబడి కెమెరా ముందు కూర్చోబెట్టి దోచుకునేవాళ్లు వాడేదీ తాళం ఉన్న కాల్‌నే. మాట్లాడేవాడే దొంగయితే తాళం ఏం చేస్తుంది? ఏమీ చేయదు. కానీ 2018లో పుకార్లకు కళ్లెం వేయడానికి వాట్సాప్ చేసింది తాళం తీయడం కాదు, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా ఆపడం. ఇక డిజిటల్ అరెస్టు దొంగను పట్టించేది డబ్బు చేరిన ఖాతా, ఆ ఖాతా తెరిచిన మనిషి, ఆ సిమ్ అమ్మిన కొట్టు. వాటికి ఏ తాళమూ లేదు. అక్కడ పని చేయకుండా అందరి ఇళ్ల తాళంచెవులూ ఇమ్మనడం సులువైన దారి మాత్రమే.

ఢిల్లీలో ఆ సులువైన దారి మీద మోజు పాతదే. 2015 సెప్టెంబరులో ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా ఒకటి తెచ్చారు. మనం పంపే సందేశాల తాళం తీసిన ప్రతిని 90 రోజులు మనమే దాచిపెట్టి అడిగితే చూపించాలట! నవ్వులపాలై, రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2021లో ఐటీ నిబంధనలు వచ్చాయి, సందేశం మొదట ఎవరు పంపారో చెప్పాలన్నారు. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. తాళం పగలగొట్టమంటే దేశం వదిలి వెళ్లాల్సి వస్తుందని 2024 ఏప్రిల్‌లో దాని న్యాయవాది అక్కడ చెప్పారు. 2023 టెలికాం చట్టం ప్రకారం సందేశాలను అర్థమయ్యే రూపంలో అధికారికి ఇవ్వాలని ప్రభుత్వం అడగవచ్చు. ఆపరేటర్ల లైసెన్సులో నెట్‌వర్క్‌లో బల్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టకూడదన్న షరతు మా కాలం నుంచీ ఉంది. ఇన్ని కాగితాల్లో తాళం ఎప్పుడు తీయాలో ఉంది. మామూలు మనిషి సందేశానికి తాళం ఉండి తీరాలని ఎక్కడా లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పిన దేశంలో ఇదీ పరిస్థితి.

1865లో పారిస్‌లో ఇరవై దేశాలు కూర్చుని, ఒక దేశం తీగ మీది టెలిగ్రామ్ ఇంకో దేశం తీగ మీదికి సాఫీగా దాటడానికి ఒప్పందం రాసుకున్నాయి. అప్పటి నుంచీ మా వృత్తి నడిచింది ఆ సూత్రం మీదే. ఎవరి పరికరం ఏదైనా మాట చేరాలి. తాళం కూడా చేరాలని ఇప్పుడు కలుపుకోవాలి. దానికి కావలసిన లెక్కలు, ప్రమాణాలు కాగితం మీద సిద్ధంగా ఉన్నాయి.

చదివేవాళ్లను నేను కోరేవి చిన్నవే. వాట్సాప్ బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ ఈ రోజే ఆన్ చేసుకోండి. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీని ఆపేసే వీలుంది, మీ ఊళ్లో సిగ్నల్ దెబ్బతినకపోతే ఆపేయండి. ఫోన్‌తో వచ్చిన మెసేజ్ యాప్‌లో తాళం గుర్తు కనపడకపోతే ఆధార్ ఫొటో, పిన్ నంబరు అందులో పంపకండి. మీ బ్యాంకు శాఖకు వెళ్లినప్పుడు, ఎస్ఎంఎస్ కాకుండా యాప్‌లోనే ధ్రువీకరించే పద్ధతి ఉందా అని అడగండి. లేదంటే ఎప్పుడు తెస్తారో రాతపూర్వకంగా అడగండి.

టెలికాం శాఖలోనూ ట్రాయ్‌లోనూ ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్లలో కొందరు నాతో పాటు ట్రైనింగ్ సెంటర్లలో కూర్చున్నవాళ్లే, సీసీఎస్ సెవెన్‌లో ఎక్కడ చిల్లు ఉందో నాకంటే బాగా తెలిసినవాళ్లే. ఆర్‌సీఎస్ మీద కంపెనీలతో, ఆపరేటర్లతో మీరు రాసుకునే షరతుల్లో ఒక్క క్లాజు చేర్చండి. మనిషి నుంచి మనిషికి పోయే సందేశానికి, ఏ ఫోన్ నుంచి ఏ ఫోన్‌కైనా, ఎవరూ ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండాలి, అది కుదరనప్పుడు పంపేముందే ఆ సంగతి వినియోగదారుకు అతని భాషలో చెప్పాలి. బల్క్ ఎన్‌క్రిప్షన్ షరతు దీనికి అడ్డొస్తే, ఆ షరతునే మార్చండి.